చెవి పట్టుకోలేని రోజు

మిస్ వెర్నీస్ పాతికేళ్ళపాటు తలకు పెట్టి చూసుకోకుండానే టోపీలు కొన్నది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని మా ఊళ్ళో నల్లవాళ్ళ తల తగిలిన టోపీని తెల్లవాళ్ళెవరూ కొనరట. అందుకని దుకాణంలో పెట్టి చూడనిచ్చేవాళ్ళు కాదు. ఆమె ఇంటి దగ్గరే తల చుట్టూ దారం చుట్టి, కొలతకు ముడివేసి, ఆ దారం దుకాణానికి పట్టుకెళ్ళేది. బిగుతైనా వదులైనా అదే పెట్టుకుని ఆదివారం చర్చికి వచ్చేది. ఏనాడూ నోరెత్తలేదు.

ఆమెది మావాళ్ళ ఉంగరాల జుట్టును వేడి దువ్వెనతో సాపుచేసే కొట్టు. ఒక గది, రెండు కుర్చీలు, గ్యాసు పొయ్యి మీద కాలే ఇనప దువ్వెన. వచ్చేవాళ్ళంతా మావాళ్ళే గనక ఆమెను పనిలోంచి తీసేసే తెల్ల యజమాని లేడు. 1963 ఈస్టరుకు ముందు ఆ కొట్టే బడి అయింది. మావాళ్ళు ఓటరుగా నమోదు కావాలంటే కోర్టులోని తెల్ల గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగంలోంచి తనకు తోచిన ముక్క ఇచ్చి అర్థం రాయమనేవాడు. మిస్ వెర్నీస్ ఆ ముక్కలను కాగితాల మీద రాసుకొచ్చి, తల దువ్వుతూ అందరిచేతా చదివించేది. నేను బళ్ళో టీచర్ని. తప్పులు దిద్దమని నన్ను పిలిచింది. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. వెళ్ళేదాన్ని గాని, నా చూపంతా కిటికీ మీదే ఉండేది.

ఒక శనివారం నేను కుర్చీలో ఉండగా, బట్టలుతికే ఒఫీలియా పెద్దమ్మ ఒక ముక్క చదివి నిట్టూర్చింది. "ఇది రాసినోడికైనా అర్థం తెలుసంటావా, టీచరమ్మా?"

"తెలిస్తే మనల్నెందుకు అడుగుతారు?" అంది మిస్ వెర్నీస్.

అందరం నవ్వుతుండగానే బయట కారు ఆగింది. కాగితాలన్నీ నా మెడకు కట్టిన గుడ్డ కిందికి వచ్చేశాయి. రెండు చేతులతో ఒళ్ళోకి అదిమిపట్టాను. షెరీఫ్ దగ్గరి తెల్ల పోలీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే వెర్నీసూ, ఇంతమంది చేరారు?"

"ఈస్టర్ కదండీ. తలలు ఆగవు."

"ఇది బడి టీచరు కదూ?"

"టీచర్లకీ జుట్టుంటుందండీ."

అతను కదల్లేదు. పని ఆపితే అనుమానం. మిస్ వెర్నీస్ కాలిన దువ్వెన అందుకుని నా కణత దగ్గర పెట్టింది. ఇలాంటప్పుడు "చెవి పట్టుకో" అంటుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు కాలకుండా చెవిని కిందికి మడిచి పట్టుకుంటారు. ఆ రోజు ఆ మాట అనలేదు. నా చేతులు కదిలితే కాగితాలు చప్పుడు చేస్తాయి.

వేడి దగ్గరికొచ్చింది. దువ్వెన చెవికి తగిలింది. నేను ఎదురుగా గోడమీది క్యాలెండరులో అంకెలు చదువుతూ కూర్చున్నాను. అతని చోట మా ఆడవాళ్ళెవరైనా ఉంటే, నేను చెవి పట్టుకోలేదని ఇట్టే పసిగట్టేవాళ్ళు. అతనికి మా తలల సంగతి తెలియదు. కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆమె చెవికి వాజలీను రాస్తూ నెమ్మదిగా అంది: "సోమవారం కోర్టుకి పోతున్నా. తోడు రా, లూరీన్."

సరేనన్నాను. సోమవారం మలుపుదాకా వెళ్ళి, కోర్టు ముందు అదే కారు చూసి వెనక్కి తిరిగాను. వదులు టోపీ పెట్టుకుని ఆమె ఒక్కతే మెట్లెక్కింది. గుమాస్తా ఆమె పరీక్ష తప్పిందన్నాడు. అయినా నమోదుకు వెళ్ళినవాళ్ళ పేరు, చిరునామా రెండు వారాలు పత్రికలో వేయాలని చట్టం. ఎవరి ఇంటిమీద పడాలో అందరికీ తెలియాలిగా. మొదటి వారమే కిటికీ అద్దం పగిలింది. ఆ శనివారం రెండు కుర్చీలూ ఖాళీ. తర్వాతి శనివారమూ అంతే.

మూడో శనివారం నేను వెళ్ళి కూర్చున్నాను. అద్దం స్థానంలో అట్టముక్క ఉంది. సోమవారం సంగతి ఆమె ఎత్తలేదు. దువ్వెన తీసింది.

"చెవి పట్టుకో."

పట్టుకున్నాను. "మళ్ళీ ఎప్పుడు?" అన్నాను.

"ఎల్లుండే."

ఈసారి ఇద్దరం మెట్లెక్కాం. ఆమె నాలుగో ప్రయత్నంలో ఓటరైంది. ఈలోగా నా ఉద్యోగం పోయింది. ఓటు హక్కు కోసం వేదికలెక్కి మాట్లాడినవాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. మిస్ వెర్నీస్ పేరు మాత్రం ఆ పత్రికలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

మీ వీధిలోనూ ఓటర్ల జాబితాలో పేరు లేనివాళ్ళు, ఆఫీసు మెట్లెక్కడానికి జంకేవాళ్ళు ఉంటారు. ఈ వారమే వాళ్ళ తలుపు తట్టండి. సలహా చెప్పి పంపేయకండి, పక్కన నడవండి. మలుపు దగ్గర నేను తిరిగినట్టు మీరు తిరగకండి.