చౌడయ్యగారికి లెక్క రాదు

చౌడయ్యగారికి లెక్క రాదు. తెనాలిలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే ఇది. లెక్క రానివాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు, అందులో వింతేమీ లేదు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి, రేపల్లె బస్సులో కొన్ని లక్షలమందిని ఎక్కించి దించిన మనిషి, తన పెరట్లో తిరిగే పదిహేను కోళ్ళని ఒక్కనాడైనా సరిగ్గా లెక్కపెట్టలేకపోవడం మాత్రం వింతే.

సాయంత్రం ఆరయ్యేసరికి ఆయన లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి వస్తారు. గూడు తలుపు తీసి పట్టుకుని "రేపల్లె, రేపల్లె, రేపల్లె" అని కేక వేస్తారు. పద్నాలుగు పెట్టలూ ఒక పుంజూ ఎక్కడున్నవి అక్కడినుంచి పరుగెత్తుకొస్తాయి. పెట్టలకి ఆయన పెట్టుకున్నవన్నీ ఆ దారిలోని ఊళ్ళ పేర్లే. వేమూరుని ముందుకు జరగమంటారు, లోపల ఖాళీ ఉందంటారు. పెనుమర్రుని ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని మందలిస్తారు. భట్టిప్రోలు ఎప్పుడూ ఆఖరున ఎక్కుతుంది, దానికోసం హోల్డాన్ చెప్పి ఆగుతారు. అందరూ ఎక్కాక వేలు ఆడిస్తూ లెక్కపెట్టి, వీధి చివరిదాకా వినిపించేలా ప్రకటిస్తారు.

"పదమూడు మంది. రైట్ రైట్."

వెంటనే గోడ అవతలి కిటికీలోంచి ఒక గొంతు వస్తుంది.

"పదిహేనయ్యా."

ఆ గొంతు వెంకటరత్నం మాస్టారిది. ముప్ఫై అయిదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పక్కింట్లో రోజూ తప్పుడు లెక్క వినాల్సి రావడం ఆయనకి ఎంత నరకమో ఊహించుకోవచ్చు. చౌడయ్యగారు తల గోక్కుని మళ్ళీ లెక్కపెట్టి పదిహేడంటారు. మాస్టారు మండిపడి, పుంజు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే వేలుపెట్టి చూడమంటారు. పావుగంట ఇది నడిచాక గూడు తలుపు పడుతుంది. ఇలాంటి మనిషి డ్యూటీలో ఉండగా సగం జిల్లా టిక్కెట్టు లేకుండానే తిరిగి ఉంటుందని వీధిలో జోకులు వేసుకునేవారు. ఆ మాట చెవిన పడ్డా చౌడయ్యగారు నవ్వి ఊరుకునేవారు.

కోళ్ళని "మంది" అనడం ఆయనకి రెండో జబ్బు. పుస్తకాల తెలుగులోనైనా పొలం గట్టు మీది తెలుగులోనైనా మనుషులైతే ముగ్గురు, కోళ్ళైతే మూడు. ఆయన దగ్గర ఆ తేడా లేదు. ఎక్కినవాళ్ళెవరైనా ప్యాసింజర్లేనని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం వల్ల మొట్టమొదట దెబ్బతిన్నది సౌజన్య. ఆ అమ్మాయిది బాపట్ల. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీగా ఉద్యోగం రావడంతో రోజూ రైల్లో తెనాలి వచ్చి వెళుతుంది. కొత్తలో ఇంటింటి సర్వేకి వచ్చి, ఇంట్లో ఎంతమంది ఉంటారని చౌడయ్యగారిని అడిగింది. ఆయన కోళ్ళకి మేత వేస్తూ పదిహేడు మందిమని చెప్పారు. ఆమె ట్యాబులో పదిహేడు కొట్టేసి పక్కింటికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా పై ఆఫీసునుంచి ఫోను. రెండు గదుల ఇంట్లో పదిహేడు మంది ఉంటే ఒక్కటే మరుగుదొడ్డి ఏమిటి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని అవతలివాళ్ళు చీవాట్లు పెట్టారు. పరుగున వచ్చి చూస్తే ఇంట్లో చౌడయ్యగారూ, ఆయన భార్య శేషారత్నంగారూ తప్ప మూడో మనిషి లేడు.

"మిగతా పదిహేను మందీ ఎక్కడ బాబాయిగారూ?" అని అడిగింది.

"పెరట్లో ఉన్నారమ్మా. వాళ్ళు దొడ్డి అడగర్లే," అన్నారాయన.

ఆ చిక్కు విప్పడానికి సౌజన్యకి నెల పట్టింది. ఆ కోపం ఆమెకి ఉండాలి కానీ, శేషారత్నంగారు వచ్చినప్పుడల్లా పెట్టే అట్లకీ అల్లప్పచ్చడికీ అది ఎప్పుడో కరిగిపోయింది.

అలా ఉండగా వెనకవైపు అపార్ట్‌మెంటు లేచింది. అందులోకి దిగినవాళ్ళెవరో పుంజు కూతకి నిద్ర చెడుతోందని అర్జీ పెట్టారు. ఆఫీసులో పెద్ద గుమాస్తా పాత బీరువా గాలించి ఒక నిబంధన బయటికి తీశాడు. ఇంటికి పది కోళ్ళకు మించి ఉండకూడదు, ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించే పుంజు అసలే ఉండకూడదు, ఏడు రోజుల గడువు. ఆ నోటీసు పట్టుకెళ్ళి ఇవ్వాల్సిన పని సౌజన్య మీద పడింది.

చౌడయ్యగారు నోటీసుని వెనకా ముందూ తిప్పి చూశారు. పుంజు విషయంలో ఆయన పెద్దగా పేచీ పెట్టలేదు. దాన్ని కొల్లూరు లంకలో అరటితోట చేస్తున్న బావమరిది దగ్గరికి ట్రాన్స్‌ఫర్ చేస్తానన్నారు. అక్కడ కృష్ణమ్మ తప్ప కంప్లయింటు చేసేవాళ్ళు లేరు. పద్నాలుగు పెట్టల్ని పది చెయ్యడం దగ్గరే మొండికేశారు.

"బస్సులో యాభై సీట్లుంటే యాభైమందే ఎక్కుతారా అమ్మా? సీటింగ్ పది, స్టాండింగ్ నలుగురు. అట్టా రాసుకో."

కోళ్ళకి స్టాండింగ్ ఉండదని సౌజన్య చెప్పింది. గూట్లోకి వెళ్ళి చూడు, అన్నీ నిలబడే ఉంటాయన్నారాయన. మాటల్లో ఆయన్ని గెలవలేక, నాలుగింటిని ఎవరికైనా పెంపకానికి ఇచ్చెయ్యమంది. ఎక్కినవాళ్ళని మధ్యలో దించడం తన సర్వీసులోనే లేదన్నారు. మర్నాడు వచ్చి అడిగితే అదే మాట. మూడోనాడూ అంతే. నవ్వులాటగా మొదలైన మనిషి నాలుగో రోజుకి అన్నం సరిగా తినడం లేదని శేషారత్నంగారు వాపోయారు. నాలుగు కోళ్ళకోసం ఇంత దిగులేమిటో సౌజన్యకి అంతు పట్టలేదు.

రిపోర్టులో పక్కింటివాళ్ళ అభిప్రాయం కూడా రాయాలి కాబట్టి అయిదో రోజున వెంకటరత్నం మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన తలుపు తియ్యలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల వెనక నిలబడే మాట్లాడారు. కోళ్ళ మీద మీకేమైనా అభ్యంతరముందా అని అడిగింది.

"కోళ్ళ మీద లేదు. లెక్క మీద ఉంది," అన్నారు మాస్టారు.

ఊచల సందులోంచి ఒక నోటుపుస్తకం ఇచ్చారు. అందులో నూట పన్నెండు రోజుల చిట్టా ఉంది. తేదీ, చౌడయ్య చెప్పినది, అసలైనది. పదమూడు, పన్నెండు, పదిహేడు, పద్నాలుగు, ఒక ఆదివారం నాడు ఏకంగా ఇరవై రెండు. కళ్ళు మూసుకుని నోటికొచ్చింది చెప్పినా ఎప్పుడో ఒకసారి తగలాలి కదా, ఇలాంటి మొద్దు తన సర్వీసులో తగల్లేదని మాస్టారు విసుక్కున్నారు.

సౌజన్య కూడా డిగ్రీలో లెక్కలు చదివిన పిల్లే. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ చిట్టా గురించే ఆలోచించింది. లెక్క రానివాడు అప్పుడప్పుడూ తప్పుతాడు, అప్పుడప్పుడూ పొరపాటున ఒప్పుతాడు. నూట పన్నెండు రోజుల్లో నూట పన్నెండు సార్లూ తప్పాలంటే ఒప్పేదో తెలిసి ఉండాలి. పైగా సర్వేలో ఆయన పదిహేడు మందిమన్నప్పుడు ఆలోచించకుండా చెప్పారు, అది సరిగ్గా సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి నేరుగా అడిగేసింది. చౌడయ్యగారు ఉలిక్కిపడి గోడవైపు చూసి, గొంతు తగ్గించమని సైగ చేశారు. ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళారు. చెప్పడం ఆయనవల్ల కాకపోతే శేషారత్నంగారు చెప్పారు.

ఏడాదిన్నర కిందట మాస్టారి భార్య కాలం చేశారు. తర్వాత ఆయన తలుపు మూసుకున్నారు. పలకరిస్తే పలికేవారు కాదు, కూర పంపితే గిన్నె గుమ్మంలోనే ఉండేది. నెలల తరబడి ఆ ఇంట్లోంచి ఒక్క మాట వినిపించలేదు. ఒకరోజు సాయంత్రం మల్లెపందిరి కింద దూరిన పెట్టని చూసుకోక చౌడయ్యగారు నిజంగానే పద్నాలుగన్నారు. కిటికీలోంచి "పదిహేను. పందిరి కింద ఒకటుంది" అని వినిపించింది. ఆ రాత్రి ఈయన సంతోషం పట్టలేక రెండు ముద్దలు ఎక్కువ తిన్నారట. అది మొదలు మళ్ళీ సరిగ్గా లెక్కపెట్టలేదు.

"చెకింగ్‌వాళ్ళు ఎన్నిసార్లెక్కినా ఒక్క తల తేడా రాలేదమ్మా ఈయనకి. వీధిలోవాళ్ళు నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయేది," అన్నారు శేషారత్నంగారు.

చౌడయ్యగారు అప్పటికి నోరు విప్పారు.

"పదిమందైతే తప్పెట్టా లెక్కపెట్టనమ్మా? చేతివేళ్ళ మీద తేలిపోద్ది. మాస్టారికి అనుమానం వస్తది. మళ్ళీ కిటికీ మూసుకుంటారు."

సౌజన్యకి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. నాలుగు కోళ్ళకోసం కాదు ఈ మనిషి అన్నం మానేసింది. కానీ నిబంధన నిబంధనే. ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితం మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా పది పదే. ఏడోసారి చదువుతుంటే ముందున్న మాట కంటికి ఆనింది. "ఇంటికి" పది.

గడువు ఆఖరి రోజు సాయంత్రం ఆమె మాస్టారి కిటికీ దగ్గర నిలబడింది. పుంజు అప్పటికే కొల్లూరు చేరిపోయింది. ఈ నిబంధన ప్రకారం మీ ఇంట్లో కూడా పది కోళ్ళదాకా ఉండొచ్చు మాస్టారూ, ప్రస్తుతం మీ దగ్గర సున్నా ఉన్నాయి అని చెప్పింది. అంతకంటే ఏమీ చెప్పలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

ఇక లాభం లేదనుకుని ఆమె చౌడయ్యగారి పెరట్లోకి వచ్చేసరికి, గోడ అవతల గడియ చప్పుడైంది. తుప్పుపట్టిన గడియ, రెండుమూడు గుద్దులు గుద్దితే గానీ కదల్లేదు. మాస్టారు పెరటి తలుపు తీసుకుని బయటికొచ్చి, గోడమీద చేతులానించి నిలబడ్డారు. గడ్డం మాసి ఉంది.

"ఏమయ్యా చౌడయ్యా. నలుగుర్ని ఇటు పంపు," అన్నారు.

నాలుగింటిని అనలేదు. నలుగుర్ని అన్నారు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లల మాటల్లో తప్పులు దిద్దిన మనిషి.

చౌడయ్యగారు వెంటనే డ్యూటీలోకి దిగిపోయారు. ఒక్కొక్క పెట్టనీ రెక్కలు అదిమి పట్టుకుని గోడమీదుగా అందించారు. "వేమూరు దిగాలి. పెనుమర్రు దిగాలి. పల్లికోన. భట్టిప్రోలు, తొందరగా దిగమ్మా, వెనక బండ్లున్నయ్యి." మాస్టారు వాటిని గుండెకి ఆనించి అందుకుని తన పెరట్లో వదిలారు. మధ్యలో దించనన్నారు కదా బాబాయిగారూ అని సౌజన్య అంటే, మధ్యలో దించలేదమ్మా, ఎవరి ఊరు వచ్చింది వాళ్ళు దిగారన్నారు.

ఆరయింది. చౌడయ్యగారు మిగిలినవాటిని గూటికి తోలారు. వేలు ఆడించారు. అబద్ధమాడడానికి వీలున్న అంకె ఒక్కటీ తోచలేదు. చివరికి చిన్న గొంతుతో "పదిమంది. రైట్ రైట్" అన్నారు. అవతలినుంచి జవాబు రాలేదు. సరైన లెక్కకి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? చౌడయ్యగారి ముఖం చిన్నబోయింది.

అప్పుడు అవతలి పెరట్లో తలకిందులు చేసిన పాత గంప కిందికి మాస్టారు కోళ్ళని తోలుతున్నారు. సౌజన్య గోడమీంచి చూస్తూనే ఉంది. నాలుగూ లోపలికి వెళ్ళాయి. మాస్టారు గంప మూసి, వంగి చూసి, గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినిపించేలా అన్నారు.

"ముగ్గురు."

చౌడయ్యగారు గోడవైపు తిరిగారు. 

"నలుగురండి మాస్టారూ. సరిగ్గా చూడండి."

"చూశానయ్యా. నాకు ముగ్గురే వస్తున్నారు. నీకంత నమ్మకముంటే వచ్చి లెక్కపెట్టి చూపించు. వీధి తలుపు తీసే ఉంచాను."

చౌడయ్యగారు కావాలనే తప్పుతున్నారని మాస్టారికి ఎప్పుడో తెలుసనీ, తెలిసే ఆ నూట పన్నెండు రోజుల చిట్టా రాశారనీ సౌజన్యకి అప్పుడు అర్థమైంది. ఆమె బాపట్ల రైలు తప్పిపోయింది, అయినా చింత లేదు. రిపోర్టులో రెండిళ్ళనూ చూశాననీ, నిబంధన ప్రకారమే ఉన్నాయనీ రాసి సంతకం పెట్టింది. శేషారత్నంగారు ముగ్గురికి సరిపడా వండిన కూర గిన్నె పట్టుకుని ముందు నడిచారు. లెక్కల మాస్టారికి లెక్క నేర్పడానికి చౌడయ్యగారు చెప్పులు వేసుకుని వెనకాల బయల్దేరారు.