అక్క ఇంటి మూడు మెట్లు

బీదర్ పాత ఊళ్ళో, కోటగోడకు ఆనుకుని ఉన్న మా గల్లీలో పదకొండు ఇళ్ళు. ఎర్రరాతి గోడలు, మోకాలెత్తు గడపలు. ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్ళకు ఆ గడపలంటే మహా ముచ్చట. రోజూ ఎక్కి దిగేది వాళ్ళు కాదు కదా.

మా ఎదురింటి అక్కకు అరవై దాటాయి. ఒక్కతే ఉంటుంది. జొన్నరొట్టెలు చేసి హోటళ్ళకు ఇచ్చి బతికేది. నా రెండు కాన్పులకూ నీళ్ళు కాచి పోసింది ఆమే. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, గడప ముందు మూడు సిమెంటు మెట్లు, పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు పెట్టించుకుంది.

పోయినేడు గల్లీని అందంగా చేస్తామంటూ ఒక కమిటీ వచ్చింది. కొత్త దీపాలు, కింద బండలు, చరిత్ర చెప్పే బోర్డు. ఇంటికొకరు సంతకం చేయాలన్నారు. కాగితం కన్నడంలో ఉంది. నేను బడిలో చదివింది కన్నడమే. "ముందుకు వచ్చిన కొత్త కట్టడాలు తొలగిస్తాం" అన్న వరుస చదివాను కూడా. రేకుల షెడ్ల గురించేమో అనుకున్నాను. దీపాల సంబరంలో సంతకం చేశాను. నన్ను చూసి అక్క వేలిముద్ర వేసింది.

ఒకరోజు పొద్దున గడ్డపారల చప్పుడుకు బయటికి ఉరికాను. చేతుల పిండి చేతులకే ఉండగా అక్క గడపలో నిలబడి మొత్తుకుంటోంది.

"అయ్యా, నేనెట్ల దిగాలె? జర ఆగున్రి!"

"నీ వేలు నిశాని ఉన్నది కదమ్మా" అని మేస్త్రీ కాగితం చూపించాడు. నేను అడ్డం పోతే, "నీ సంతకం గూడ ఉన్నది" అన్నాడు. నేను పక్కకు జరిగితే మెట్లూ పైపూ పీకేశారు.

నాలుగో రోజు రొట్టెల బుట్టతో దిగబోయి అక్క పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆ కట్టుతోనే ఉండగా బోర్డు ప్రారంభానికి పెద్దమనుషులు దండలతో వచ్చారు. పాత గుమ్మంలో పాతకాలపు మనిషి కావాలని అక్కను నిలబెట్టారు. కెమెరా అతను, "చెయ్యి కొంగుల దాసుకో అవ్వా" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు దాసుకోవాలె? దాన్నే ఫోటో తియ్యి!" అని అరిచాను. కమిటీ పెద్దాయన వైపు తిరిగి, "సార్, ఈ గడప మీరు ఎక్కి దిగున్రి. ఏం పట్టుకోకుండ" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. గల్లీ ఆడవాళ్ళంతా వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎక్కాడు. దిగేటప్పుడు ఇద్దరి భుజాలు పట్టుకున్నాడు. ఆలోచిస్తామని చెప్పి కారెక్కాడు.

మేము ఆగలేదు. ఆ ఆదివారమే గల్లీవాళ్ళం ఇసుక, సిమెంటు తెచ్చి మెట్లు మళ్ళీ కట్టాం. ఇప్పటిదాకా కొట్టడానికి ఎవరూ రాలేదు. వస్తే రానీ.

పని అయ్యాక అక్కతో చెప్పాను. "అక్కా, కాగితంల ఆ మాట నేను చదివిన. చదివే సంతకం పెట్టిన."

"సదువొచ్చినదానివని నిన్ను జూసే గదనే నేను వేలు పెట్టిన" అంది అక్క.

అక్క మణికట్టు సరిగ్గా తిరగడం లేదు. రొట్టె తట్టలేకపోతోంది. హోటలు వాళ్ళు వేరేచోట తెచ్చుకుంటున్నారు. ఆ కమిటీ మీద నా కోపం చల్లారలేదు. నా మీద ఉన్నది అంతకన్నా ఎక్కువే.