మంజులక్క, రంగెయ్యని తోలు

తొలకరి పడిన వారంలోనే నా బల్ల చుట్టూ బూజు వాసన మొదలవుతుంది. తోలు హ్యాండ్‌బ్యాగులను ప్లాస్టిక్ కవర్లలో కట్టి బీరువాల్లో దాచినవాళ్లు, వాన పడగానే వాటిని పట్టుకుని ఇస్నాపూర్‌లో తోలు సామాన్లు బాగుచేసే మా గదికి వస్తారు. కవరు ముడి విప్పగానే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంటుంది. వెంటనే నాకు మంజులక్క గుర్తొస్తుంది. తోలుకు గాలి ఆడాలని, పాత నూలు బట్టలో చుట్టి పెట్టాలని వచ్చిన ప్రతి మనిషికీ విసుగు లేకుండా చెప్పేది. నాకు అంత ఓపిక లేదు. కాస్త కసురుకుంటాను.

ఆమె దగ్గరికి నేను మొదట వెళ్లింది నా బ్యాగు పట్టుకునే. అప్పట్లో బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. అక్కడ బల్లలు, డబ్బాలు, చివరికి మా చేతులు కూడా స్పిరిట్‌తోనే తుడవాలి. అలవాటు ఊరుకోదు కదా, బ్యాగు మీద చాయ్ చుక్క పడితే దాన్నీ స్పిరిట్‌తోనే తుడిచాను. లేత గోధుమ రంగు తోలు మీద అరచేయంత తెల్ల మచ్చ తేలింది. మంజులక్క తిప్పి చూసి, బొల్లారం ఆడవాళ్లందరిదీ ఇదే కథ అని నవ్వింది. పైన రంగు వేసి కప్పేయమన్నాను. ఒప్పుకోలేదు.

"ఇది రంగెయ్యని తోలు చెల్లె. చెయ్యి తగిలి, ఎండ తగిలి దానంతటదే రంగు తిరుగుతది. మచ్చ జెర తగ్గుతది గని మొత్తం పోదు. పోతదని నీకు అబద్ధం చెప్పను."

ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులిపింది. బాగా పిండిన బట్టతో బ్యాగు ముందు భాగమంతా ఒకేలా తుడిచింది. మరక ఉన్నచోట మాత్రమే తడిపితే చుట్టూ అంచు మిగిలిపోతుందట. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుందని నీడన ఆరేసింది. మర్నాడు తేనెమైనం, ఆముదం కలిపి కాచిన ముద్దను ముందు అడుగున రాసి చూసి, తర్వాత పైన పలచగా పట్టించింది. మచ్చ ఆమె చెప్పినంతే తగ్గింది. కొన్నాళ్లకు షిఫ్టులతో విసిగిపోయి, నేను కూడా ఆ గదిలోనే పనికి కుదిరాను.

మంజులక్క సంగారెడ్డిలో పప్పుల వ్యాపారం చేసే ఇంటి కోడలు. ఆ ఇంట్లో చెప్పులు గేటు దగ్గరే ఆగాలి, మగవాళ్ల బెల్టులు ముందు గది దాటకూడదు. ఆమె తోలు పని మొదలుపెట్టిన రోజు నుంచి అత్త ఆమె చేతి అన్నం మానేసింది. మంజులక్క రోజూ ఇల్లు చేరగానే పెరట్లో స్నానం చేసి గానీ వంటింట్లోకి వెళ్లేది కాదు. అయినా ఆ పెద్దామె మోకాళ్లు పట్టేస్తున్నా తన గిన్నె తానే వేరుగా వండుకునేది.

"తిడితే నేను గూడ తిడుదును," అంది ఒకసారి మంజులక్క. "ఏమీ అనది. ఒక్కతే కూసోని వండుకుంటది. అదే సూడలేకపోతున్న."

దుకాణం మూసేస్తే తింటుంది కదా అన్నాను.

"తింటది. గని నేను తప్పు పని చేసిన అని నేనే ఒప్పుకున్నట్టయితది."

ఎవరు అడిగినా తోలు పని అనే చెప్పేది. నేనేమో చుట్టాలకు లేడీస్ ఐటమ్స్ దుకాణం అని చెప్పుకునేదాన్ని. ఆమె ధైర్యం చూస్తే నాకు అసూయగా ఉండేది.

ఒకరోజు ఆమె భర్త తల్లిని పటాన్‌చెరులో మోకాళ్ల డాక్టరుకు చూపించి, లోడు దింపించే పని ఉందని మా దగ్గర దింపి వెళ్లాడు. పెద్దామె గడప బయట కుర్చీ వేయించుకుని కూర్చుంది. మంజులక్క ఒక బ్యాగుకు మైనం పట్టిస్తోంది. తుడిచింది, వెలుతురులో చూసింది, మళ్లీ తుడిచింది. పెద్దామె చూపు తిప్పలేదు. మధ్యాహ్నం దాటింది. పక్క బండి మీద అరటిపండ్లు తెస్తానని మంజులక్క లేచింది.

"అరటిపండ్లెందుకు? నీ డబ్బాల ఏమున్నది?" అంది అత్త.

పప్పు, బెండకాయ అని నేనే చెప్పాను. ఇంటి ఓనరు బాత్రూంలో స్నానం చేసి వచ్చి పెడతానని మంజులక్క కంగారుగా బయల్దేరింది. పెద్దామె మెల్లగా లేచి, గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

"స్నానం ఎందుకే. చేతులు కడుక్కో, సాలు. ఆకలైతుంది, పెట్టు."

మనసు ఎందుకు మారిందో నాకు తెలియదు. కోడలి పని కళ్లారా చూసినందుకో, నొప్పుల మీద వండుకోలేక విసిగిపోయో. తిన్నాక పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టింది. మంజులక్క ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది.

తర్వాత వాళ్ల వ్యాపారం జహీరాబాద్‌కు మారడంతో గదిని నాకు అప్పజెప్పి వెళ్లింది. నేనిప్పుడు ఎవరు అడిగినా తోలు పని అనే చెప్తాను. తినే వేళకు స్నానం చేశావా అని మా అమ్మ ఫోన్‌లో అడుగుతుంటుంది. చేతులు కడుక్కున్నానమ్మా అని చెప్పి, అన్నం కలుపుకుంటాను.