ఆండాలు వడికిన జందెం

కోదాడలో మా పద్మశాలీలు జంధ్యాల పున్నమికి వేసుకునే జందేలన్నీ ముప్పై ఏళ్లుగా మా మేనత్త ఆండాలు వడికినవే. తకిలి తిప్పి నూలు తీసి, దగ్గరగా కలిపిన నాలుగు వేళ్ల చుట్టూ తొంభై ఆరు చుట్లు చుట్టి, పేటలు కలిపి పురిపెట్టి ముడి వేసేది. తొంభై ఆరే ఎందుకని అడిగితే, "ఎవరి ఎత్తయినా వాళ్ల వేళ్ల వెడల్పుతోని కొలిస్తే గంతే ఉంటది. నిండు మనిషిని సుట్టినట్టు" అనేది.

మామయ్య పోయిన పన్నెండో రోజున ఆయన అన్న, మా కులసంఘం పెద్ద బక్కయ్య, అత్త చేతిలోంచి తకిలి లాక్కున్నాడు.

"బొట్టు లేనిదానివి. నువ్వు తీసిన నూలు ఏసుకుంటే మాకు అరిష్టం గాదా?"

తకిలిని సంఘం హాలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. అత్త ఏడవలేదు. "సూస్త బావా" అంది, అంతే.

ఆ ఏడు బజారు జందేలు తెచ్చారు. మిషన్ నూలు, దసరా రాకముందే తెగిపోయాయి, మళ్లీ మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది. అందరూ బక్కయ్యను తిట్టారు. అత్త మిర్యాలగూడలో మా చిన్నత్త ఇంటికి వెళ్లి, కొత్త తకిలి కొనుక్కుని ఎనిమిది నెలలు వడికింది. అన్నీ తెచ్చి కోదాడలో పూజసామాన్లు అమ్మే ప్రవీణ్ దుకాణంలో ఇచ్చి, తన పేరు చెప్పొద్దంది. అక్కడ మంచి జందేలు దొరుకుతాయని బక్కయ్య చెవిన వేయించింది కూడా తనే. ఆయనే వెళ్లి పెట్టెడు తెచ్చాడు.

మరుసటి ఏడు జంధ్యాల పున్నమి పొద్దున సంఘం హాల్లో మగవాళ్లంతా కొత్తవి వేసుకుని పాతవి తీసేశారు. పాతవన్నీ చెరువులో కలపడానికి వెళ్లిపోయాయి.

"నూలంటే గిది!" అన్నాడు బక్కయ్య. "ఎవడో గాని చెయ్యి తిరిగినోడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త లోపలికొచ్చింది. "ఆ చెయ్యి నాదే బావా."

ఆయన నవ్వబోయాడు.

"పురి ఎటు తిరిగిందో సూడు."

అత్తది ఎడమచేతి వాటం. ఆమె పెట్టే పురి అందరి పురికీ ఎదురు తిరుగుతుంది. బక్కయ్య వేళ్ల మధ్య జందెం నలిపి చూసుకున్నాడు.

"తియ్యి మరి" అంది అత్త. "ఇంకోటి ఏసుకోకుంట ఒంటిమీదిది తియ్యొద్దని ఏటా నువ్వే చెప్తవ్ గదా. పెట్టెల మిగిలినయి గూడ నేను వడికినయే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జందేలు వేయించిన పంతులు తల దించుకున్నాడు. బక్కయ్య బీరువా తెరిచి తకిలి తెచ్చి, "తప్పయింది ఆండాలూ" అని గొణిగాడు. అత్త దాన్ని కొంగుతో తుడుచుకుని, మాట విననట్టే బయటికి నడిచింది.

"మాఫీ అడిగిండు గదత్తా, ఇగ ఇడిసిపెట్టు" అన్నాను దారిలో.

"ఎందుకు ఇడుస్త? తానం జేసినప్పుడల్లా ఆ జందెం తడిసి ఈపుకు అతుక్కుంటది. తెగేటట్టు వడకలే నేను. ఏడాది పొడుగున మొయ్యనియ్యి."