మ్యూజియం ఫారం వెనక జాబితా

పోయిన ఆదివారం ఉదయం, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన అమ్మాయి ఎల్బీనగర్‌లో మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు తనూ టీచరే. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక చిన్న బడిలో సోషల్ చెబుతోంది. సంచిలోంచి కాగితాలు తీసి, "టీచర్, మా పిల్లల్ని మ్యూజియం తీస్కపోదామని ఒక ట్రస్టుకు అప్లికేషన్ పెడ్తున్న. అప్పట్ల మీరు రాసిన్రు గద, జర చూడున్రి" అంది. కళ్లజోడు వెతుక్కుని కూర్చున్నాను. ఇంగ్లీషు నాకంటే బాగుంది. ఆ మాటకొస్తే అక్షరాలూ నాకంటే గుండ్రంగా ఉన్నాయి. ఒకప్పుడు 'గ'కి 'శ'కి తేడా లేకుండా రాసిన పిల్ల ఈమేనా అనుకున్నాను. చివరి పేజీలో పిల్లల జాబితా ఉంది. పేరు, తరగతి, తండ్రి చేసే పని. వాటి పక్కన ఒక గడి గీసి ఖాళీగా వదిలేసింది. "ఇక్కడేం రాస్తావమ్మా" అన్నాను. "మీరే చెప్పున్రి టీచర్" అంది. పెన్ను మూత తీసి ఆ గడి వైపు చూశాను.

ఆ గడి సంగతి చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి పోతే మూడంతస్తుల ఇల్లు, అదే మా బడి. పక్క బిల్డింగులో కోచింగ్ సెంటరు. వాళ్ల మైకులో లెక్కలు, మా గదిలో మొఘలులు ఒకేసారి నడుస్తుండేవి. పానిపట్టు యుద్ధం ఎప్పుడు జరిగిందంటే ఒకడు లేచి మైనస్ గుర్తుతో సహా చెప్పిన రోజూ ఉంది. పిల్లల్లో సగం మంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. తండ్రులు ఆటో నడిపేవాళ్లు, తాపీపని చేసేవాళ్లు, డిపోలో పనిచేసేవాళ్లు. తక్కిన సగం మాలాగా కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలు. కర్రీ పాయింట్లు, బట్టల కొట్లు, చిన్న ప్రైవేటు ఉద్యోగాలు. ఒక బెంచీ మీద ఒకతె 'ఏంటే' అంటే పక్కది 'ఏందే' అనేది. సాయంత్రానికి ఎవరి మాట ఎవరి నోట్లో ఉందో వాళ్లకే తెలిసేది కాదు.

బడి పెట్టినాయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయనదీ నల్గొండ వైపు పల్లెటూరే. ట్యూషన్లు చెప్పి చెప్పి ఆ బడి నిలబెట్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది; అందువల్ల ఆయన ఎడమ రొమ్ము మీద ఎప్పుడూ ఒక తెల్లమచ్చ. ఆ మచ్చను ఉతికి ఉతికి విసిగి ఇక వదిలేశానని ఆయన భార్య నాతో చెప్పింది. ఆ సందులో ఆయన ఊరివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. కిరాయి ఇల్లు దొరక్కపోయినా, దవాఖానలో చీటీ అర్థం కాకపోయినా, ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

మెయిన్ రోడ్డెక్కి, తర్వాత మూసీ వెంబడి పోతే మ్యూజియం బస్సులో అరగంట. మా పిల్లల్లో దాన్ని లోపలికెళ్లి చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. నేనేమో పాఠ్యపుస్తకంలో నల్లగా అలుక్కుపోయిన బొమ్మ చూపించి "ఇది కంచు విగ్రహం, నమ్మండి" అని చెబుతుండేదాన్ని. అలాంటప్పుడు, బడిపిల్లల్ని మ్యూజియాలకు తీసుకెళ్లడానికి సాయం చేసే ఒక ట్రస్టు ఉందని ఎవరో చెప్పారు. నాలుగు పేజీల ఫారం. అందులో ఒక ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు: మీ పిల్లలకే ఎందుకివ్వాలి? ఏం రాసినా దేబిరించినట్టుగానో, గొప్పలు చెప్పుకున్నట్టుగానో ఉండేది. చివరికి నాకొక ఆలోచన తట్టింది. ఈ పిల్లలు ఎంతెంత దూరపు ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లో చూపిస్తే చాలు, చదివినవాళ్ల మనసు కరుగుతుంది. పేరు పక్కన సొంత ఊరు రాసి, జాబితా ఒకటి ఫారం వెనక జతచేద్దామనుకున్నాను.

అది ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏడు. వారానికో బంద్, రోడ్డు మీద వంటావార్పు, బస్సులు ఎప్పుడు తిరుగుతాయో డిపోవాళ్లకే తెలియదు. కూరగాయల బండి దగ్గర కూడా నోరు విప్పేముందు నేను ఒకసారి ఆలోచించుకునేదాన్ని, నా యాస ఎవరి చెవిన పడుతుందోనని. ఇంత తెలిసినదాన్ని, క్లాసులో పిల్లల్ని ఒక్కొక్కళ్లనే నిలబెట్టి "మీదే ఊరు" అని అడిగి రాసుకున్నాను. పిల్లలకదొక ఆట. సొంత ఊరికి ఎప్పుడూ వెళ్లనివాళ్లు కూడా గట్టిగా అరిచి చెప్పారు. అప్పుడే పెద్దసారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కాసేపు విని, నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా, "ఊర్లెందుకు టీచరమ్మా? ఇప్పుడు కాలం మంచిగ లేదు. ఇడిసిపెట్టున్రి" అన్నారు. "ఫారానికి బరువుంటుంది సార్, మీకు తెలియదు" అన్నాను. సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

నాకు చిన్నప్పటి నుంచీ వరసలో పెట్టే పిచ్చి. పోపుల డబ్బాలో ఆవాల గిన్నె చోటు మారితే ఆ పూట నాకు అన్నం సహించదు. ఆ పిచ్చితోనే ఇంటికెళ్లి జాబితాను జిల్లాలవారీగా తిరగరాశాను. నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ మొదటి పేజీలో వచ్చాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలు రెండో పేజీలో. ఎంత ముచ్చటగా కుదిరిందో అని మా ఆయనకు కూడా చూపించాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నారు. మర్నాడు ఆటోస్టాండు పక్కన జిరాక్స్ షాపులో కాపీలు తీయించాను. ఒకటి మసగ్గా వచ్చిందని బల్ల మీదే వదిలేసి, మంచివి పోస్టులో వేశాను.

ఆ మసక కాపీ ఎన్నాళ్లు ఆ బల్ల మీద ఉందో తెలియదు. ట్రస్టు నుంచి సరేనని ఉత్తరం వచ్చిన వారానికే అది బయటపడింది. ఎండాకాలం సెలవుల్లోపు వెళ్లిరావాలని, పిల్లలందరికీ తల్లిదో తండ్రిదో సంతకం ఉండాలని ఆ ఉత్తరంలో రాశారు. నేను సంతోషంగా సంతకాల కాగితాలు పంచుతుంటే, అక్కడ ఆటోస్టాండులో ఒక తండ్రి ఆ జాబితాలో తన కూతురి పేరు చదువుకున్నాడు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్న ఈ అమ్మాయి తండ్రే.

శనివారం ఉదయానికి బడి కింద నలభై మంది. చిత్రమేమిటంటే, రెండు వైపులవాళ్లూ ఒకే కాగితం పట్టుకుని ఒకే కోపంతో వచ్చారు. ఆటో నడిపే ఆయన, "మా పిల్లల్ని ఒక పక్కకి ఎందుకు తీసిన్రు సార్? ఆంధ్రోళ్ల పిల్లల్ని కొంచపోయి మావోళ్లని ఇడిసిపెడ్తరా?" అన్నాడు. గుంటూరు నుంచి వచ్చి కర్రీ పాయింటు పెట్టుకున్నాయన గొంతు తగ్గించి, "అది కాదండీ, మా పిల్లల పేర్లన్నీ విడిగా రాసి పెట్టారు. రేపు ఏ గొడవన్నా అయితే ఈ కాగితం ఎవరి చేతిలో ఉంటుందండీ?" అన్నాడు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. పెద్దసారు ముందుకొచ్చారు. "జర ఆగున్రి. గా లిస్టు నేనే రాయమన్న. టీచరమ్మ వద్దనే అన్నది, నేనే ఇనలే" అన్నారు.

నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. ఇన్నేళ్లలో ఆ ఒక్క క్షణాన్ని ఎన్ని రకాలుగా సమర్థించుకున్నానో లెక్కలేదు. భయం నిజమే. కానీ భయం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఆయన ఆ మాట అనగానే నాకు హాయిగా అనిపించింది. అది నాకు తెలుసు.

అందరూ వెళ్లాక ఆయన గదిలోకి వెళ్లి ఏదో చెప్పబోయాను. "మీరు చెప్తే మీ ఇంటి ముందలికి వస్తరు. నేను చెప్తే నాలుగు తిట్టి పోతరు, మావోళ్లే గద. ముందుగాల పిల్లలు మ్యూజియం చూడాలె" అన్నారు. ఆయన లెక్క తప్పింది. మనవాడే మనల్ని విడదీశాడన్న కోపం పరాయివాళ్ల మీద కోపంలాగా చల్లారదు. ఊరివాళ్లు ఆయన గుమ్మం తొక్కడం మానేశారు. అంతకుముందు 'అన్నా' అని పిలిచిన ఆటో ఆయన ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఆ వేసవిలోనే సారు కూతురి పెళ్లి. సందు నుంచి ఒక్కరు రాలేదు. మా కోస్తావాళ్లం మాత్రం నిండుగా వెళ్లాం. అది ఆయనకు ఇంకా చేటు చేసింది.

సంతకాల కోసం ఆయన తన చేత్తో జాబితా మళ్లీ రాశారు, ఊళ్లు లేకుండా, రోల్ నంబర్ల వరసలో. ఇంటింటికీ తిరిగారు. చాలామంది పెట్టారు. ఎనిమిది మంది తండ్రులు పెట్టలేదు. బంద్ లేని రోజు చూసుకుని బస్సు బయలుదేరింది. సారు ఎక్కలేదు. "ఉన్నోళ్లకు పాఠం చెప్పాలె గద" అని ఆ ఎనిమిది మందితో గుమ్మంలో నిలబడ్డారు. ఈ అమ్మాయి ఆయన పక్కనే నిలబడి బస్సు వైపు చూస్తోంది. నేను చెయ్యి ఊపాను. తను ఊపలేదు.

మ్యూజియంలో పిల్లలు కత్తుల దగ్గర కొట్టుకున్నారు, పింగాణీ గిన్నెల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు, ఏనుగు దంతం బొమ్మల దగ్గర నోళ్లు వెళ్లబెట్టారు. కర్రీ పాయింటాయన కూతురు ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగి, చీటీ చదివి, "టీచర్, ఇది కూడా ఏ ఊరిదో రాశారు" అని చెబుతూ వచ్చింది. వస్తువులను ఊరివారీగా, దేశంవారీగా వేరువేరు గదుల్లో సర్దిపెట్టారు. మనుషుల పిల్లల్ని నేను అలా సర్దానే అనుకున్నాను. తర్వాత ఏం చూశానో నాకు గుర్తులేదు.

సంగతి చల్లారాక చెబుదామనుకున్నాను. రాష్ట్రం వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది, అందరూ మిఠాయిలు పంచుకున్నారు, అప్పుడూ చెప్పలేదు. సారు బడి ఇంకొకరికి అప్పజెప్పి తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. రెండుసార్లు చూడ్డానికి వెళ్లాను. రెండుసార్లూ మనవడి చదువు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుని వచ్చేశాను. రెండేళ్ల కిందట పోయారు.

పెన్ను మూత పెట్టి, "ఈ గడి కొట్టెయ్యమ్మా. ఊళ్ల పేర్లు రాయకు" అన్నాను. అక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ ఆ ఖాళీ గడులు నన్ను చూస్తూనే ఉన్నాయి. "ఆ జాబితా సారు రాయమనలేదు. ఆయన వద్దన్నారు. నేనే రాశాను" అన్నాను. ఇన్నేళ్ల బరువు ఇంత చిన్న వాక్యాలా అనిపించింది.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. "నాకు ఎర్కనే టీచర్. నేను ముందు బెంచీల కూసున్న గద, సారు మీకు చెప్పుడు విన్న" అంది. మరి మీ నాన్నతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే మ్యూజియం పోవుడు బంద్ అయితదని చెప్పలే. ఎట్లయిన మా నాయిన నన్ను పోనియ్యలే అనుకో." కాసేపు కాగితాలు సర్దుకుంది. "బస్సు పోయినంక సారు మాకు బోర్డు మీద మ్యూజియం బొమ్మలు గీసిండు. ఆయన గూడ చూడలేదట, మీ పుస్తకం చూసి గీసిండు. అప్పుడు అడిగిన, మీరు వద్దన్నరు గద సార్, మీ మీద ఎందుకేసుకున్నరు అని. టీచర్‌కి భయముంది బిడ్డ, టైమొచ్చినప్పుడు ఆమెనే చెప్తది, నువ్వు చెప్పకు అన్నడు. మీరు చెప్తరని సూస్తున్న."

"మీ నాన్న ఇంట్లో ఉంటాడా" అన్నాను. ఆటో అమ్మేశాడని, కళ్లు సరిగా కనబడవని, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడని చెప్పింది. సారు పోయినప్పుడు కూడా చూడ్డానికి వెళ్లలేదట. నేను లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని చెప్పులు వేసుకున్నాను. ఆమె వెనకే మెట్లు దిగుతుంటే ఒక్కటే అనిపించింది: టైము అదే వస్తుందని సారు నమ్మారు, తీసుకురావలసినదాన్ని నేనని నాకు తెలిసేసరికి ఆయన టైము అయిపోయింది.