పావురం కారుకు కొత్త పంఖా

మొన్న సాయంత్రం బడి నుంచి వచ్చి కారు ఆపాను. తాళం తీసి చేతిలో పట్టుకున్నాక కూడా బానెట్ కింద ఫ్యాను గుయ్యిమని తిరుగుతూనే ఉంది. ఈ కాలపు కార్లకు అది మామూలే. ఇంజన్ ఆగినా వేడి తగ్గేదాకా ఫ్యాను తన పని తాను చేసుకుపోతుంది. మావాళ్ళంతా దిగి లోపలికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ చప్పుడు ఆగేదాకా సీట్లోనే కూర్చుని విన్నాను. విన్నంతసేపూ పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లలా నా గుండె దడదడలాడింది. కారు ఫ్యాను చప్పుడుకు ఒళ్ళు పులకరించే ఆడమనిషి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకు కారణం చిక్కడపల్లి రాజ్యలక్ష్మి గారు.

ఆవిడను నేను మొదట చూసింది 2010లో. బీఎస్సీ పూర్తి చేసి, జనగామ దగ్గరి మా ఊరి నుంచి గ్రూప్స్ చదవడానికి అశోక్ నగర్ వచ్చాను. హాస్టల్లో పడుకోవడానికి చోటు దొరికింది గానీ చదువుకోవడానికి దొరకలేదు. చిక్కడపల్లి సందులో ఒక మేడ మీద గది కిరాయికి ఉందంటే వెళ్ళి తలుపు కొట్టాను. తలుపు తీసిన పెద్దావిడ జరీ అంచు నేత చీరలో, తలలో మల్లెపూలతో పేరంటానికి బయల్దేరినట్టు ఉంది. చేతిలో మాత్రం స్పానర్ ఉంది. నా ఊరు, కులం, చదువు ఏదీ అడగలేదు. "ఏమ్మా, టార్చిలైటు కదలకుండా పట్టుకోవడం వచ్చా నీకు?" అంది.

"వస్తది ఆంటీ. ఎందుకు?"

"గది కావాలంటే అదే పరీక్ష. పద, వెనక పెరట్లోకి."

ఆ పరీక్ష నేను మొదటి ప్రయత్నంలోనే నెగ్గాను. నేను నెగ్గిన పరీక్షలు అప్పటికి చాలా తక్కువ కాబట్టి బాగా గుర్తుంది. పెరట్లో పావురం రంగు పాత కారు ఒకటి బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. దాని పేరు కూడా పావురమే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి, మగవాళ్ళు మాత్రమే పనిచేసే యంత్రాల గదిలోకి టెక్నీషియన్‌గా వెళ్ళిన మనిషి. ఆ ప్రమోషన్ వచ్చిన ఏడాదే ఈ కారును ఎవరి దగ్గరో పాతదిగా కొనుక్కుంది. నేను వెళ్ళేనాటికి ఆవిడ రిటైరైంది, భర్త పోయి చాలాకాలమైంది, పావురం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

పావురానికి ఒకటే రోగం. ఖాళీ రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ చల్లగా ఉండేది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనో నారాయణగూడ సిగ్నల్ దగ్గరో ఇరుక్కుందంటే వేడి చూపించే సూది పైకి పాకేది, కాసేపటికి ముందు నుంచి ఆవిరి లేచేది. అప్పుడు చిక్కడపల్లి ట్రాఫిక్కంతా ఆగి మమ్మల్ని చూసేది. దాని ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది, సరిగ్గా గాలి కావలసినప్పుడే గాలి ఉండేది కాదు. దానికి ఆవిడ పెట్టిన పేరు బాగుండేది. "అత్తవారింటి చుట్టం ఫ్యాను. పని లేనప్పుడు హడావుడి, పని పడ్డప్పుడు కునుకు."

ఆవిడ అన్నగారు సత్యం గారు హిమాయత్‌నగర్‌లో ఉండేవారు. ప్రతి ఆదివారం పూతరేకులూ, వాటితో పాటు సలహాలూ పట్టుకొచ్చేవారు. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణం వల్లే చిక్కంతా. "ఈ వయసులో నీకు డ్రైవింగ్ ఏమిటే రాజ్యం? నడిరోడ్డు మీద పొగలు కక్కుతుంటే జనం నవ్వరూ? కవాడిగూడలో ఒకాయన పాత కార్లు కొంటాడు. మాట్లాడేశాను" అన్నారు ఒకరోజు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నన్ను సీట్లోంచి దించడానికి దాని మీద నెపం పెట్టకు అన్నయ్యా. శనివారం సాయంత్రం రద్దీలో మీ ఇంటికొచ్చి, నిన్ను ఎక్కించుకుని ఇక్కడికి తీసుకొస్తాను. దారిలో ఒక్కసారి ఆవిరి లేచిందా, తాళం నీ చేతిలో పెడతాను. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోను."

సత్యం గారు సరేనన్నారు. పావురం పోతే ఆవిడ కూరగాయలకైనా, డాక్టరు దగ్గరికైనా మేనల్లుళ్ళ తీరిక కోసం వాకిట్లో కూర్చుని ఎదురుచూడాలి. ఒకరి తీరిక మీద బతకడమన్న ఊహే ఆవిడకు పడేది కాదు. ఆ బాధ నాకు బాగా తెలుసు. ఆ వారమే మా నాయన ఫోన్ చేసి, "నోటిఫికేషన్ లేదు, పాడు లేదు. ఇంటికి రా బిడ్డా, మంచి సంబంధం చూసినం" అన్నాడు. మా ఇద్దరినీ ఎవరో ఒకరు ప్రేమతో ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

మర్నాడే రాణిగంజ్ వెళ్ళాం. చిన్న కార్ల రేడియేటర్‌కు వాడే కరెంటు ఫ్యాను ఒకటి కొన్నాం. దుకాణం అతను, "బిగించనీకి మనిషిని పంపాల్నా మేడం?" అని అడిగాడు. "మనిషినే కదయ్యా వచ్చాను" అంది ఆవిడ. ఫ్యానుతో పాటు ఫ్యూజు, లావుపాటి తీగ, రేడియేటర్ వేడెక్కితే దానంతటదే కలిసే చిన్న స్విచ్, అన్నిటికన్నా ముఖ్యంగా అగ్గిపెట్టెంత రిలే ఒకటి కొన్నాం. ఆ రిలేను ఆవిడ బస్సులో ఇంటిదాకా గుప్పిట్లోనే పట్టుకుంది. ఎక్స్ఛేంజిలో గోడల నిండా రిలేలే ఉండేవట, ఊళ్ళో ఎవరు నంబరు తిప్పినా టకటకమని వడగళ్ళ వానలా మోగేవట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడకు సగం వయసు తగ్గింది.

"ఫ్యాను తాగే కరెంటు ఎక్కువే. అదంతా ఈ చిన్న స్విచ్ గుండా పోనిస్తే మాడిపోతుంది. అందుకని మధ్యలో ఈ రిలే. ఇది పెద్దకోడలు లాంటిదే రజితా. అత్తగారు కనుసైగ చేస్తే చాలు, బరువంతా తనే ఎత్తుతుంది" అని చెప్పింది. ఫిజిక్సులో నాకు మంచి మార్కులే వచ్చాయి గానీ, రిలే అర్థమైంది మాత్రం ఆ పెరట్లోనే.

పాత ఫ్యాను విప్పేసి, కొత్తది రేడియేటర్ వెనక బిగించాం. బయటి గాలిని ముందు జాలీలోంచి లోపలికి లాగడం దాని పని. తీగలు కలిపే దగ్గర ఆవిడ ఎక్స్ఛేంజి పద్ధతి పెట్టింది. అక్కడ ఒకరు చెప్పిన తీగను రెండోవారు పైకి తిరిగి చెప్పందే ముట్టుకునేవారు కాదట. ఇక మొదలుపెట్టాం.

"బ్యాటరీ నుంచి ఫ్యూజుకు."

"బ్యాటరీ నుంచి ఫ్యూజుకు."

"ఫ్యూజు నుంచి రిలేకు. ఫ్యాను నల్ల తీగ రిలేకు. ఎర్ర తీగ బాడీకి."

"నల్ల తీగ రిలేకు, ఎర్ర తీగ బాడీకి."

గుళ్ళో మంత్రం వల్లెవేసినట్టు వల్లెవేశాను. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, ఏదో వ్రతమనుకుని వెళ్ళిపోయారు. అన్నీ కలిపాక ఇంజన్ స్టార్టు చేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. సూది మెల్లగా ఎక్కింది. ఎక్కి, ఎక్కి, టక్. రిలే పలికింది. ఫ్యాను గిర్రున లేచింది! ఇద్దరం ఒకేసారి కేకపెట్టాం. ఆవిడ నన్ను పట్టుకుని గుండ్రంగా తిప్పేసింది. ఆ సంబరంలో సూది దిగిందో లేదో చూడకుండానే ఇంజన్ ఆపి కాఫీ పెట్టుకున్నాం.

శనివారం నేనూ వెనక సీట్లో ఎక్కాను. ఎండ దిగకముందే బయల్దేరడంతో రోడ్డు ఖాళీగా ఉండి, ఫ్యానుతో పని పడకుండానే హిమాయత్‌నగర్ చేరాం. సత్యం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినంత గంభీరంగా ముందు సీట్లో కూర్చున్నారు. తిరుగు దారిలో రద్దీ మొదలైంది. నారాయణగూడ చేరేసరికి బస్సులు, ఆటోలు, స్కూటర్లు కదలకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. టక్‌మని రిలే పలికింది, ఫ్యాను తిరిగింది. నేను వెనక నుంచి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. సూది దిగడం లేదు. పైకే పోతోంది.

"రాజ్యం, చూస్తున్నావా?" అన్నారు సత్యం గారు.

"చూస్తున్నాను." సూది ఎర్ర గీతకు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ఆవిడ కారును కాస్త పక్కకు తీసి నిలబెట్టింది, ఇంజన్ మాత్రం ఆపలేదు.

"ఇంకా ఏం చూస్తావే? అయిపోయినట్టే కదా."

"ఆవిరి లేవలేదు అన్నయ్యా. లేచాక అడుగు."

నేను దిగి పరుగున ముందుకెళ్ళాను. ఏం చేయాలో తెలియదు, ఊరికే కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు. జాలీ ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగిచూశాను. పొయ్యి మీద మూత తీసినట్టు వేడిగాలి ఫెళ్ళున ముఖానికి కొట్టింది. నా చున్నీ చెంగు ఎగిరి నా భుజం మీదే పడింది. గాలి లోపలికి పోవాలి కదా, బయటికెందుకు వస్తోంది?

"ఆంటీ! జల్ది రా! గాలి ఉల్టా కొడుతుంది, నా మొఖం మీదికే వస్తుంది!"

ఆవిడ దిగి వచ్చి జాలీ దగ్గర అరచెయ్యి పెట్టింది. తర్వాత రెండు చేతులూ చరిచి, నారాయణగూడ మొత్తానికీ వినిపించేలా నవ్వింది. "నా మతి మండిపోనూ! రజితా, అది ఎక్స్ఛేంజి బుద్ధే! అక్కడ మాకు బ్యాటరీ ప్లస్సే భూమికి కలిపి ఉంటుంది. కార్లో మైనస్ కదా బాడీకి! ఉద్యోగమంతా చేసిన చెయ్యి, ఎర్ర తీగను తిన్నగా తీసుకెళ్ళి బాడీకి కట్టేసింది. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది!"

కారు పోయే ఘడియలో, తాళం అడగడానికి వచ్చిన అన్నగారి ముందు, తప్పు తనదేనని తేలినందుకు అంత సంబరపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మా కోచింగ్ క్లాసులో తప్పంటే మైనస్ మార్కు. తప్పు బయటపడితే తల దించుకోవడమే నాకు తెలుసు. ఆవిడకేమో తప్పు దొరికిందంటే పోయిన నగ దొరికినట్టే.

ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యూజు పీకింది. వెనక నుంచి ఒక ఆటో అతను, "ఏందమ్మా, నడిరోడ్డు మీద దుకాణం పెట్టిన్రు? జర పక్కకు జరుపుండ్రి" అని అరిచాడు. సత్యం గారు ఒక్కసారిగా అతని మీదికి తిరిగారు. "ఆగవయ్యా! మా చెల్లెలు పనిచేస్తోంది, కనబడ్డం లేదూ?" అన్నారు. అన్నాక, తనేమన్నారో తనకే తెలిసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నల్ల తీగ బాడీకి" అంది ఆవిడ. నేను తిరిగి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఊహూఁ, తిరిగి చెప్పకు. మొన్న ఇద్దరం కలిసి తప్పునే వల్లెవేశాం. ఈసారి ఎందుకని అడుగు."

"ఎందుకు ఆంటీ?"

"కారుకు మైనస్సే బాడీ కాబట్టి. ఎర్ర తీగ రిలేకు."

"ఎందుకు?"

"ప్లస్ వచ్చేది రిలేలోంచే కాబట్టి. ఇంకా అడగవే!"

రెండు తీగలు అటూ ఇటూ మారాయి, ఫ్యూజు తన చోట్లో పడింది, ఇంజన్ లేచింది. టక్. ఈసారి నా చున్నీ చెంగు జాలీ వైపు లాక్కుపోయి అక్కడే అతుక్కుంది. నేను రోడ్డు మీద గెంతాను. అడిగేవాళ్ళుంటే నాట్యం కూడా చేసేదాన్ని. సూది ఆగింది. కాసేపు ఆలోచించింది. దిగింది! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా వదిలిన జనం మధ్య అడుగు కదలకుండా నిలబడ్డా అది సగం దాటలేదు. దారంతా సత్యం గారు రోడ్డు చూడలేదు, సూదినే చూశారు. ఇంటి ముందు దిగి, "ఆవిరి లేవలేదు గానీ నా గుండె లేచింది" అన్నారు. వాకిట్లోకి నడుస్తూ, "కవాడిగూడ ఆయనకు నేనే చెప్తాలే" అన్నారు. ఆ తర్వాత ఆదివారాలు ఆయన ఆటోలో రావడం మానేసి, చెల్లెలికి ఫోన్ చేసి కారు తీసుకురమ్మనేవారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా నాయన పిలుస్తున్న సంగతి చెప్పాను, గ్రూప్స్ మానేసి వెళ్ళిపోతానన్నాను. ఆవిడ పప్పు వడ్డిస్తూ ఒక్కటే అడిగింది. "నువ్వు మానేస్తున్నావా, మాన్పిస్తున్నారా?" నాకు జవాబు తోచలేదు. తోచలేదు కాబట్టి వెళ్ళలేదు. బయట ఊరంతా ఆంధ్రా, తెలంగాణ అంటూ మీరూ మేమూ అని వాదించుకుంటున్న ఆ రోజుల్లో, ఆవిడ పుట్టిపెరిగిన తెనాలి పద్ధతి పప్పులో మా ఊరి కారం కలుపుకుని మేమిద్దరం ఇంకా చాలాకాలం ఒకే చోట తిన్నాం. 2013లో ఒకరోజు మేడ దిగివచ్చి, "ఆంటీ, గ్రూప్స్ మానేస్తున్న. బీఎడ్ చేసి పిల్లలకు సైన్సు చెప్త. ఎవ్వరూ మాన్పిస్తలేరు, నేనే మానేస్తున్న" అన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఈ బళ్ళో టీచరుగా కుదురుకున్నాక, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతులో వయసు తెలుస్తోంది గానీ హుషారు తగ్గలేదు. "రజితా, కంటి డాక్టరు ఏమీ అనలేదు. అన్నయ్యా ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం ఎదురొచ్చే స్కూటరు నాకు ఆలస్యంగా కనిపించింది. ఇంటికొచ్చి తాళం బీరువాలో పెట్టేశాను. నేనే మానేశానే! నేనే!" పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా చెప్పింది. ఫోన్ పెట్టేశాక స్టాఫ్‌రూంలో కూర్చుని ఏడ్చాను. అది దుఃఖం మాత్రం కాదు. ఆవిడ ఇప్పుడు లేదు.

జీవితంలో ఏదో ఒకటి మానుకోవాల్సిన రోజులు నాకూ వస్తూనే ఉన్నాయి. అప్పుడల్లా ఆవిడ అడిగిన ఆ ప్రశ్న నాకు నేనే వేసుకుంటాను. నేనే మానుతున్నానని తేలితే నిశ్చింతగా నిద్రపోతాను. ఎవరో మాన్పిస్తున్నారని తేలితే మాత్రం, రోడ్డు పక్కన బండి ఆపి బానెట్ ఎత్తుతాను.