వద్దు అనిపించుకునే ప్రొఫెసరమ్మ

బు నింగ్రుమ్‌కి ఎవరైనా "సరే" అంటే ఒళ్ళు మండేది. "వద్దు" అంటే మాత్రం చప్పట్లు కొట్టి, సంచీలోంచి వేయించిన అరటిపండు తీసి చేతిలో పెట్టేది. జావాలో బు అంటే అమ్మగారు. అక్కడి జోగ్జా వైద్య కళాశాలలో ఇరవై ఏళ్ళుగా, నయంకాని రోగుల బాధ తగ్గించే వైద్యం మీద పరిశోధన ఆవిడది. రోగుల మీద ఎవరు ఏ పరిశోధన చేయాలన్నా ఆవిడ సంతకం పడాల్సిందే.

పెళ్ళికి మొగుడు సరే అన్నా రెండేళ్ళు నమ్మలేదట. మూడో ఏట ఆయన ధైర్యం చేసి, "నీ చేపల కూర బాగాలేదు" అన్నాకే ముహూర్తం పెట్టించిందని కళాశాలలో చెప్పుకుంటారు.

అలాంటి మనిషి దగ్గర చిక్కుకుంది డాక్టర్ వెనింగ్ పీహెచ్‌డీ. ఆయాసానికి కొత్త మందు. దానికోసం రోగులు ఇంకో పదిహేను రోజులు ఆసుపత్రిలోనే ఉండాలి, రోజూ నెత్తురివ్వాలి. నెలాఖరుకి సంతకం పడకపోతే ఆమె చదువుకి గడువు తీరిపోతుంది.

"ముప్పైమందిని అడిగాను బు. ముప్పైమందీ ఒప్పుకున్నారు!"

"అయితే ఒక్కరినీ అడగలేదన్నమాట."

"వేలిముద్రలున్నాయి కదా!"

"జావావాళ్ళమే తల్లీ మనం. తెల్లకోటు వేసుకుని అడిగితే బావిలో దూకమన్నా సరేనంటాం. అందులోనూ మూడో తరగతి వార్డు. డబ్బున్నవాడు ప్రశ్న వేస్తాడు, లేనివాడు వేలిముద్ర వేస్తాడు. పద!"

మొదటి మంచం తుగియెమ్ అవ్వది. అరవై ఏళ్ళు బట్టల మీద మైనంతో బాతిక్ పూలు గీసిన చెయ్యి. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కాన్సర్.

"అవ్వా, చక్కెర లేని టీ తాగుతావా?" అడిగింది బు నింగ్రుమ్.

"సరేనమ్మా." జోగ్జాలో పగవాడికి కూడా అలాంటి టీ పొయ్యరు.

"ఈ దిండు తీసేసుకోనా?"

"సరేనమ్మా."

"నువ్వు గీసి కప్పుకున్న ఈ బట్ట నాకిచ్చేస్తావా?"

అవ్వ వేళ్ళు అంచుని గట్టిగా పట్టుకున్నాయి. "సరేనమ్మా."

వెనింగ్ తల దించుకుంది.

"పోనీ, పాట పాడనా?"

జవాబు కోసం ఆగకుండా బు నింగ్రుమ్ ఎత్తుకుంది. గొంతా అది? నూనె లేని గిలక! మూడో మంచం ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు. రెండో చరణంలో అవ్వ చెయ్యి లేచింది.

"వద్దమ్మా! చాలు, వద్దు!"

వార్డంతా ఘొల్లున నవ్వింది. చప్పట్లు, అరటిపండు.

ఒక వద్దు బయటికొచ్చాక మిగతావీ దాని వెనకే వచ్చాయి. "సూదులూ వద్దు. ఇక్కడుండనూ వద్దు. ఇంటికి పోతా, మైనం కాగే వాసన చూస్తా. కాదంటే ఈ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదమ్మా."

పెద్ద డాక్టరుని కాదనడం ఇక్కడ మర్యాద కాదు. అందుకే బు నింగ్రుమ్ ఇరవై ఏళ్ళుగా, తనని కాదనడం జనానికి తేలికవ్వాలని కావాలనే నవ్వులపాలవుతోంది. ఆ సంగతి వెనింగ్‌కి అప్పుడు తెలిసింది.

ఆమె కోటు విప్పి, మంచం మంచానికీ స్టూలు లాక్కుని కూర్చుని, అందరినీ మళ్ళీ అడిగింది. అవ్వతో కలిపి పదకొండు మంది వద్దన్నారు. మిగిలిన పందొమ్మిది పేర్లూ తీసుకెళ్తే, గడువుకి రెండ్రోజుల ముందు సంతకం పడింది.

అవ్వకి మార్ఫిన్ చుక్కలు ఇంటికే చేరే ఏర్పాటు జరిగింది. బయల్దేరుతున్న బండి తలుపు పట్టుకుని బు నింగ్రుమ్ అడిగింది: "వచ్చేవారం చూడ్డానికి రానా అవ్వా?"

అవ్వ బాగా ఆలోచించింది.

"రా తల్లీ. పాడకు."